స్కేలు 1:1

నీటిపారుదల శాఖలో 34 ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. సాగర్ ఎడమ కాలువ కింద కొన్ని మేజర్లు, చాలా మైనర్లు, లెక్కలేనన్ని తూములు నా చేతిమీదుగా కాగితమెక్కాయి. వాటిలో కొన్ని కాలువలు ఇప్పుడు పూడిపోయాయి. కొన్నిటి మీద కల్యాణ మండపాలు లేచాయి. నా గీతలు మాత్రం రికార్డు రూములో ఎక్కడివక్కడే ఉన్నాయి. నల్ల ఇంకు పడిందంటే పడిందే. తప్పు పడితే బ్లేడుతో గీకాలి, గీకిన చోట పై అధికారి కళ్ళజోడు ఆనించి మరీ చూస్తాడు. అందుకని గీసేముందు వందసార్లు ఆలోచించడం, గీశాక దాని జోలికి పోకపోవడం నాకు ఒంటపట్టిన విద్య.

రిటైరైన ఆరో నెలలో మా ఆవిడ కుట్టుమిషను ముందునుంచి పిలిచింది.

"ఏమండీ, మీరు గీస్తే గీత తిన్నగా వస్తుందిగా. ఈ జాకెట్టు ముక్క మీద కాస్త గీసిపెట్టండి, నేను కత్తిరించుకుంటాను."

రిటైరైనవాడికి పని చెప్పే మనిషి దేవుడితో సమానం. జేబులో ఉన్న బాల్‌పెన్ను తీసి, మీగడరంగు పట్టుముక్క మీద మెడ, భుజం, చంక రౌండు, టక్కులు అన్నీ గీశాను. ఉద్యోగంలో కూడా అంత శ్రద్ధగా గీయలేదు. ఆవిడ కత్తిరించింది, కుట్టింది, తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. రెండు టక్కుల పక్కనా నీలి గీతలు, కాలువకు అటూ ఇటూ కట్టల్లా.

"ఇవి పోవేంటండీ?"

"ఎందుకు పోతాయి? నేను గీసినవి."

అదే నా పొరపాటు. గుడ్డ మీద గీతకు పుట్టుకెంత ముఖ్యమో చావూ అంతే ముఖ్యమని నాకెవరూ చెప్పలేదు. బాల్‌పెన్ను ఇంకు నూనెతో కలిపింది. నీళ్ళకు లొంగదు. లాండ్రీవాడు దాన్ని తీసుకుంటూనే రసీదు మీద 'గ్యారంటీ లేదు' అని రాశాడు. ఆ రాత కూడా బాల్‌పెన్నుతోనే.

మర్నాడు మా వీధి చివర టైలర్ మాస్టారు దగ్గరికి శిష్యరికానికి వెళ్ళాను. ఆయన నా కథంతా విని, నవ్వకుండా ఉండటానికి నోట్లో గుండుసూదులు పెట్టుకున్నాడు.

"సార్, చాక్‌తో గీయాలి. అదీ లోపలివైపు గీయాలి. అదీ సన్నగా గీయాలి."

ఆయన మూడుమూలల చాక్‌ను పాత బ్లేడుతో రెండువైపులా చెక్కి అంచు తీశాడు. నేను పెన్సిలు చెక్కినదానికంటే ఓపిగ్గా చెక్కాడు. మొద్దు చాక్‌తో గీస్తే గీత పావంగుళం మందం వస్తుంది. అప్పుడు కత్తెర గీతకు ఎడమ పక్కన పోవాలా, కుడి పక్కనా అన్నది ఆ రోజు మూడ్‌ని బట్టి ఉంటుంది. నాలుగు ముక్కల మీద అంతంత తేడా వస్తే నడుము దగ్గర అంగుళం గల్లంతు. మా శాఖలో దీన్ని 'సర్వే ఎర్రర్' అనేవాళ్ళం, కాంట్రాక్టరు మీదికి తోసేవాళ్ళం. ఇక్కడ తోయడానికి ఎవరూ లేరు.

చాక్‌లో తెలుపు, పసుపు, ఎరుపు, నీలం ఉంటాయి. కొత్తవాడి చెయ్యి ముందు ఎరుపు మీదికి పోతుంది, బాగా కనపడుతుందని. బాగా కనపడేది బాగా అంటుకుంటుంది కూడా. తెల్ల నూలుగుడ్డ మీద ఎర్రచాక్ గీత రెండు ఉతుకులకూ కదలదు. కనపడీ కనపడని రంగే ఎంచుకోవాలంటాడు మాస్టారు. ఇంకో సంగతి కూడా ఆయన షాపులోనే నా బుర్రకెక్కింది. ఈ చాకుల్లో మేలిరకాన్ని బలపపు రాయితోనే చేస్తారు. చిన్నప్పుడు పలక మీద అ, ఆలు దిద్దినదీ, తినొద్దంటే తిన్నదీ ఆ రాయే. కర్నూలు, అనంతపురం వైపు తవ్వుతారు. దాన్నే మెత్తగా పొడిచేసి సువాసన కలిపితే పెళ్ళిచూపుల పౌడరు. ఒక్క రాయి మనిషికి చదువూ బట్టా అందమూ మూడూ ఇచ్చింది. అది తెలియక నేను బాల్‌పెన్ను పట్టుకుని తిరిగాను.

చాక్ లేనప్పుడు సబ్బు. ఇది మాస్టారు రహస్యంగా చెప్పాడు గానీ దేశంలో టైలర్లందరికీ తెలుసు. వాడగా వాడగా బిళ్ళ పలచబడి, ఆరిపోయి, అంచు తేలిన సబ్బుముక్క ముదురురంగు గుడ్డ మీద అద్భుతంగా పడుతుంది, ఉతికితే తనను తానే కడుక్కుపోతుంది. మీగడలు, నూనెలు కలిపిన ఖరీదైన సబ్బైతే మాత్రం జిడ్డు మరక మిగులుతుంది. ఈ విద్య నేను ఇంటికి మోసుకొచ్చిన రోజునుంచి నా స్నానానికి కష్టాలు మొదలయ్యాయి. సబ్బు సగానికి రాగానే ఆవిడ తీసుకెళ్ళి ఎండబెడుతుంది. "అదేంటే, ఇంకా పది స్నానాలొస్తుంది" అంటే, "పది జాకెట్లొస్తాయి" అంటుంది.

మైనపు చాక్ అని ఇంకొకటుంది. గీత నున్నగా, హాయిగా పడుతుంది. కోటు గుడ్డకైతే సరే. పట్టు మీద గీసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే మైనం కరిగి, గుడ్డ పకోడీలు పెట్టిన కాగితంలా అవుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు, చెప్పుకుంటే మా ఆవిడ వింటుంది.

ఇక్కడితో ఆగిపోయుంటే బాగుండేది. కానీ నేను పరికరాల మనిషిని. ఫ్యాన్సీ షాపులో గుడ్డ మీద గీసే పెన్నులు వచ్చాయని తెలిసింది. ఊదారంగుది గాలికి పోతుందిట, నీలంది నీళ్ళకు పోతుందిట. రెండూ కొన్నాను.

ఊదారంగు పెన్ను నా ఆత్మగౌరవాన్ని దెబ్బతీసిన మొదటి పరికరం. ఇలా మాయమయ్యే సిరాల్లో చాలావాటి కిటుకు ఒకటే. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలి, సిరాలో క్షారం చచ్చి, రంగు విరిగిపోతుంది. మామూలుగా ఒకటి రెండు రోజులు ఉంటుందంటారు, ఉక్క ఎక్కువైతే ఇంకా ముందే పోతుంది. మాది బెజవాడ. ఓ సాయంత్రం కూర్చుని ఆరు కుచ్చుల లంగా మొత్తం గీసి, స్కేళ్ళు తుడిచి లోపల పెట్టుకుని పడుకున్నాను. పొద్దున ఆవిడ కత్తెర పట్టుకుని గుడ్డ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"గీస్తానన్నారు?"

"గీశానే!"

"ఏదీ?"

34 ఏళ్ళ సర్వీసులో నా పని మీద ఆడిట్‌వాళ్ళు కూడా ఆ ప్రశ్న వెయ్యలేదు.

నీలం పెన్ను ఆ కోవది కాదు. నీళ్ళు తగిలేదాకా నమ్మకంగా ఉంటుంది. కానీ దానికో శత్రువుంది, ఇస్త్రీ పెట్టె. నీళ్ళతో తీసేయకముందే వేడి తగిలితే గీత గుడ్డలో కాపురం పెడుతుంది. సబ్బు నీళ్ళకూ ఒక్కోసారి గోధుమరంగు తిరుగుతుంది, ముందు ఉత్త చన్నీళ్ళే పొయ్యాలి. కుట్టుపనిలో మాత్రం ప్రతి అతుకుకూ ఇస్త్రీ కావాలి. పైగా పట్టుకు నీళ్ళు తగిలితే నీటిమరకలు. గీత పోతుంది, అది పోయిన చోటు తెలిసిపోతుంది. మా ఆవిడ ఆ పెన్నును పాలవాడి లెక్కకు కేటాయించింది.

మధ్యలో సోఫా చిరిగింది. సోఫా మేస్త్రీ వచ్చి హాల్లో కూర్చున్నాడు. నేను నా పెన్నుల డబ్బా తెచ్చి ఆయన ముందు పరిచాను. ఒక్కటీ ముట్టుకోలేదు.

"జాకెట్టు ఉతుకుతారండి. సోఫా ఎవరు ఉతుకుతారు? పిన్నులు కొట్టాక ఇక గుడ్డ ఊడిరాదు. నీళ్ళకు పోయేది ఇక్కడ పోదు."

ఎంత మాట! చాక్‌ముక్కతో వెనకవైపు గీశాడు. సోఫా మధ్యనూ గుడ్డ మధ్యనూ కలపాల్సిన చోట గీత కూడా లేదు, అంచున కత్తెరతో చిన్న గాటు. ఆ గాటు కుట్టులోకి పోయింది, గుర్తుకు గుర్తు, శుభ్రానికి శుభ్రం. రెక్సిన్ మీద బాల్‌పెన్ను పెడితే వెనకవైపు పెట్టినా ఇంకు మెల్లగా ఊరి ముందుకు వస్తుందని, ఒక ఇంట్లో తెల్ల సోఫాకు ఏడాది తర్వాత 'ఎడమ చెయ్యి' అనే మాట చేతిమీద తేలిందని చెప్పాడు. స్పాంజి మీద మాత్రం మార్కరుతో ధారాళంగా గీశాడు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడో ఒక చోట శాశ్వతమైన గీతకు ఇంకా గౌరవముంది, దాని మీద జనం కూర్చున్నా సరే.

ఈ విషయంలో అసలు పెద్దలు వేరే ఉన్నారు. రాహుకేతు పూజకని శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు ఓ కలంకారీ ఇంట్లోకి తొంగిచూశాం. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ఒకాయన చింతబరికె కాల్చిన బొగ్గుతో రామరావణ యుద్ధం మొత్తం గీసేస్తున్నాడు. స్కేలు లేదు, మధ్యరేఖ లేదు. పది తలలూ సరిపోయాయి. ఆ బొగ్గుగీత మీద బెల్లం, ఇనుము ఊరబెట్టిన నల్లటి కసిం నీళ్ళతో కలం నడుపుతారు. కసిం గుడ్డను పట్టుకుంటుంది, బొగ్గు పారే నీళ్ళలో పోతుంది. ఒకే గుడ్డ మీద పోవాల్సిన గీత, ఉండాల్సిన గీత పక్కపక్కనే. రెండిటికీ తమ పనేమిటో తెలుసు. నాకే తెలియలేదు.

తెలిస్తే ఆ జపాన్ పెన్ను కొనేవాణ్ణి కాదు.

అది వేడికి మాయమయ్యే ఇంకు. 2006లో ముందు ఐరోపాలో, మరుసటేడు జపాన్లో అమ్మకానికొచ్చింది. అసలు కాగితం మీద రాయడానికి చేసింది. వెనక ఉన్న రబ్బరుతో రుద్దితే ఆ రాపిడి వేడికే రాత పోతుంది. సుమారు 60 డిగ్రీల దగ్గర రంగు దాక్కుంటుంది. సంతకాలకు వాడొద్దని చేసినవాళ్ళే చెబుతారు. కుట్టుపనివాళ్ళు దాన్ని గుడ్డకు పట్టించుకున్నారు, ఇస్త్రీ చేస్తే చాలు కదా అని. నేను గీశాను, ఆవిడ ఇస్త్రీ పెట్టె పోనిచ్చింది, గీత పోయింది. సన్నటి గీత, తిన్నటి గీత, నా పాత పెన్నుల్లాంటి గీత! నాకు ఉద్యోగం మళ్ళీ ఇచ్చినట్టయింది.

"మిగిలిన ముక్క మీద గీసి, రెండు రోజులాగి చూడండి సార్" అని టైలర్ మాస్టారు అన్నాడు. ముదురురంగుల మీద ఒక్కోసారి తెల్లటి చార మిగులుతుందనీ అన్నాడు. మాది పసుపురంగు పట్టు, చార పడలేదు. రెండు రోజులేం ఖర్మ, రెండు వారాలు చూశాను. బెజవాడలో ఎన్ని వారాలు చూసినా ఏమీ కాదు.

మినియాపొలిస్‌లో ఉన్న మా అమ్మాయికి సంక్రాంతి జాకెట్టు అది. వీపు మీద అద్దాల వరుస కుట్టాలి, కాబట్టి గుర్తులు బయటివైపే పెట్టాలి. ఎలాగూ పోయే గీతే కదా అని చెయ్యి కాస్త స్వేచ్ఛగా ఆడింది. మధ్యరేఖ గీశాను. అద్దం అద్దానికీ మధ్య కొలతలు వేశాను, బాణాలతో సహా. అలవాటు కొద్దీ కింద కుడి మూలన పెట్టె గీసి, గీసినవారు, సరిచూసినవారు, తేదీ, 'స్కేలు 1:1' అని రాశాను. పైన ఉత్తర దిక్కు కూడా చూపించాను. అప్పుడే ఆవిడ వంటింట్లోంచి కేకేసింది, "అమ్మాయి నడుము 34 అంది గానీ 36 వెయ్యండి, నాకు తెలుసుగా" అని. షరా కాలమ్ ఖాళీగా ఉంటే నా చెయ్యి ఊరుకోదు. 'చెప్పినది 34. నిజం 36.' అని రాశాను.

ఇస్త్రీ చేశాం. అన్నీ పోయాయి. వెళ్ళేవాళ్ళెవరో ఉంటే వాళ్ళతో పంపాం.

దాక్కున్న ఆ రంగు మైనస్ 10 డిగ్రీలు దాటి చల్లబడితే మళ్ళీ బయటికొస్తుంది. ఈ ముక్క బెజవాడలో ఎవరికి అవసరం?

అమ్మాయి ఆఫీసు నుంచి నేరుగా పండగ హాలుకు వెళ్ళాలని ముందురోజు రాత్రే చీరా జాకెట్టూ సంచిలో పెట్టి కారు డిక్కీలో ఉంచింది. ఆ రాత్రి అక్కడ మైనస్ 25. సాయంత్రం హాల్లో గబగబా కట్టుకుంది. వీపు తనకు కనపడదు కదా. బొమ్మలకొలువు దగ్గర వంగి నిలబడితే, వెనక ఆదివారం తెలుగు బడికి వెళ్ళే ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు వచ్చి ఆగాడట. వాడికి కొత్తగా ఒత్తులు వచ్చాయట. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"చె... ప్పి... న... ది... థర్టీఫోర్. ని... జం..."

వాళ్ళమ్మ సంతోషంతో ఫోనులో వీడియో తీసిందట, మా వాడు చదివేస్తున్నాడని.

ఇక్కడ తెల్లవారాక మాకు ఫోనొచ్చింది. "నాన్నా, నా వీపు మీద నార్త్ ఎటో ఎందుకు వేశావు?" అన్నది మొదటి ప్రశ్న. మిగిలినవి మా ఆవిడ వింది. హెయిర్ డ్రయర్ పెడితే రాత పోయిందట. కారు డిక్కీలో పెట్టొద్దు, ఇస్త్రీకి ముందు తడిపి ఉతికించు అని నేను సలహాలు చెబుతుంటే ఫోను ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి మా ఇంట్లో గుర్తులన్నీ సూదీ తెల్లదారమే. పొడుగు పొడుగు కచ్చా కుట్లు. కుట్టాక లాగితే వస్తాయి, రాకపోతే కనపడతాయి. మంచుకూ ఎండకూ ఒకటే. కుట్టేది నేనే, వరుస మాత్రం తిన్నగా వస్తోందని ఆవిడ ఒప్పుకుంది.

అయినా మాస్టారు చెప్పిన పరీక్ష పూర్తిచేయాలి కదా. పసుపు పట్టు ముక్క మీద నాలుగు రకాల గీతలు గీసి, ఇస్త్రీ చేసి, పాలిథీన్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో బఠాణీల కింద దాచాను. కవరు మీద తేదీ, స్కేలు ఆ జపాన్ పెన్నుతోనే రాశాను. అక్కడ ఉన్నంతకాలం అది చెరిగే ప్రమాదం లేదు.