ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరగానే అందే తప్పుడు సలహాలు

హైదరాబాద్‌లో మధురానగర్ మెట్రో స్టేషన్ చుట్టూ ఏ సందులోకి వెళ్లినా లేడీస్ హాస్టల్ బోర్డులే. పంజాగుట్టలో నిమ్స్, జూబ్లీహిల్స్‌లో అపోలో, సనత్‌నగర్‌లో ఈఎస్ఐ, అన్నీ దగ్గరే కాబట్టి నర్సింగ్ వాళ్లకి ఇది అనువైన చోటు. ఇలాంటి హాస్టల్లో దిగి పీజీలో చేరిన అమ్మాయికి మొదటి వారంలోనే సలహాలు మొదలవుతాయి. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ అవి పాటిస్తే రెండేళ్లకి డిగ్రీ చేతికొస్తుంది గానీ, ఆ చదువు వల్ల ఒక్క రోగికీ మేలు జరగదు. అందుకే వాటిని ఒక్కొక్కటే తీసి, ఎందుకు వినకూడదో చెబుతున్నాను.

“టాపిక్ కోసం బుర్ర పాడుచేసుకోకు, ఎస్టీపీ పెట్టేసుకో.” అందరికంటే ముందు వినబడేది ఇదే. ఎస్టీపీ అంటే స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్. ఓ అరవై మందిని కూర్చోబెట్టి ప్రశ్నపత్రం ఇస్తారు. చార్టులు, ఫ్లాష్ కార్డులతో ముప్పావుగంట పాఠం చెబుతారు. ఏడో రోజు మళ్లీ అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి, పీ విలువ 0.05 కంటే తక్కువ వస్తుంది, గైడ్ మేడమ్ సంతకం పెడతారు. పాఠం చెబితే మార్కులు పెరగడం సహజం. పోల్చి చూడ్డానికి పాఠం వినని గుంపు ఉండదు. అవే ప్రశ్నలు రెండోసారి చూడ్డం వల్ల పెరిగాయేమో తేల్చే దారీ ఉండదు. చేతులు కడుక్కోవడం గురించి అంత చక్కగా జవాబులు రాసినవాళ్లలో మర్నాడు వార్డులో ఎంతమంది కడుక్కున్నారో ఎవరూ చూడరు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న మీద రెండేళ్లు ఖర్చు పెట్టకండి తల్లీ.

మీరు రోజూ ముట్టుకునే వస్తువులోంచే ప్రశ్న తీసుకోండి. ఉదాహరణకి చేతికి పెట్టే కాన్యులా. బాగా పనిచేస్తున్నా సరే మూడు రోజులు కాగానే తీసేసి కొత్తది గుచ్చాలని మనకి నేర్పారు. నరాలు దొరకని ముసలావిడకి రెండు చేతులూ గుచ్చి గుచ్చి కమిలిపోయి ఉంటాయి. అయినా రూలు రూలే. ఇది నిజంగా అవసరమా అని ఆస్ట్రేలియాలో క్లెయిర్ రికార్డ్ అనే నర్సు అడిగింది. క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రుల్లో 3283 మంది రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మూడో రోజున మార్చారు, రెండో గుంపుకి అవసరం పడితేనే మార్చారు. నరం వాచినవాళ్లు రెండు గుంపుల్లోనూ 7 శాతమే. 2012లో లాన్సెట్‌లో ఇది వచ్చాక చాలా దేశాల్లో పద్ధతి మారింది.

అలాగని మనమూ రేపట్నుంచే మార్చేద్దామా? ఆగండి. జెనీవా యూనివర్సిటీ ఆసుపత్రుల్లో అవసరమైతేనే మార్చే పద్ధతి తెచ్చాక రక్తంలో ఇన్ఫెక్షన్లు పెరిగాయి. పాత పద్ధతికి వెళ్లాక తగ్గాయి. ఆ సంగతి వాళ్లు 2021లో బయటపెట్టారు. అవసరమైతేనే మార్చాలంటే, ఆ అవసరాన్ని కనిపెట్టడానికి ప్రతి షిఫ్టులోనూ ఒక మనిషి ఆ చెయ్యి చూడాలి కదా. మన వార్డులో చూస్తున్నారా? ప్లాస్టర్ మీద బాల్‌పెన్నుతో రాసిన తేదీ చదవడానికి వస్తోందా? సూది చుట్టూ ఎర్రబడితే హ్యాండోవర్‌లో చెబుతున్నారా? మీ డిజర్టేషన్‌కి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తోచదు.

“సిగ్నిఫికెంట్ రాకపోతే కొంప మునుగుతుంది.” మునగదు. ఇందాక చెప్పిన క్లెయిర్ రికార్డ్ అధ్యయనంలో తేలింది తేడా లేదనే. ఆ మాటే ఎంతోమందికి అనవసరపు సూది పోటు తప్పించింది.

“శాంపిల్ తగ్గితే రూమ్‌లో కూర్చుని నింపేయ్.” ఈ సలహా ఇచ్చిన మనిషితో ఆ విషయం మళ్లీ మాట్లాడకండి. మీరు కల్పించిన అంకెను నమ్మి ఇంకో ఊళ్లో ఇంకో నర్సు రోగి మీద చెయ్యి వేస్తుంది.

“ముప్పై ఏళ్లుగా సీనియర్ సిస్టర్లు చేస్తున్నారు, అడగడానికి నువ్వెవరు?” దీన్ని జాగ్రత్తగా విడదీసి చూడాలి. మంచం పట్టిన రోగికి ఎర్రబడ్డ చోట స్పిరిట్ రాసి, గట్టిగా రుద్ది, పౌడర్ చల్లడం మన బ్యాక్ కేర్. బెడ్ సోర్ల మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు అలా రుద్దొద్దంటున్నాయి. ఒత్తిడికి దెబ్బతిన్న కండను రుద్దితే ఇంకా దెబ్బతింటుంది. ఫిల్మ్‌నగర్ సినిమాల్లో రాత్రంతా పిల్లాడికి తడిగుడ్డ వేసే సీనూ అంతే. పిల్లల జ్వరానికి తడిగుడ్డతో తుడవడం వద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2007లోనే చెప్పింది.

కానీ అదే సీనియర్ సిస్టర్ రోగి ముఖం చూసి, “ఈయన ఈ రాత్రి గడవడం కష్టం, డాక్టర్‌ని పిలువు” అంటుంది. ఆ చూపు ఏ పేపర్లోనూ దొరకదు. 1996లో డేవిడ్ సాకెట్ బృందం ఎవిడెన్స్ బేస్డ్ వైద్యానికి ఇచ్చిన వివరణలో మూడున్నాయి: మంచి పరిశోధన, చేసేవాళ్ల అనుభవం, రోగి ఇష్టం. కాబట్టి సిస్టర్‌ని ఎదిరించకండి, పక్కన కూర్చోబెట్టుకుని కలిసి చదవండి. మూడోదాన్ని మనం ఎక్కువగా మర్చిపోతాం. రోగిని కూడా అడగండి.

“రివ్యూ పాత థీసిస్‌లోంచి దింపేసుకో.” వద్దు. పరిశోధనా పత్రాలు వెతికే పబ్‌మెడ్‌కి పైసా కట్టక్కర్లేదు, ఫోన్‌లోనే తెరుచుకుంటుంది.

ఇక చివరిది. “పీజీ అయ్యాక వార్డెందుకు, కాలేజీలో మేడమ్ అయిపో.” పాఠాలు చెప్పేవాళ్లూ కావాలి, కాదనను. కానీ చదువుకున్న నర్సు మంచం పక్కన ఉంటే ఏమవుతుందో లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల్లో చూసింది. 2014లో వచ్చిన ఆ లెక్క ప్రకారం డిగ్రీ నర్సుల వాటా 10 శాతం ఎక్కువున్న చోట, ఆపరేషన్ తర్వాత నెలలోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం తక్కువ. మీ చదువు అవసరం వార్డుకే ఎక్కువ.

ఈ వారం డ్యూటీలో పది చేతులు చూడండి. ప్రతి కాన్యులా మీద తేదీ ఉందో లేదో, చుట్టూ ఎర్రబడిందో లేదో ఒక కాగితం మీద రాసుకోండి. టాపిక్ అడిగినప్పుడు ఆ కాగితం పట్టుకుని గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్లండి.