రనౌట్‌కి అడ్డం పడే విధానం: నడికుడి కుర్రాళ్లకు చిట్కాలు

ఫీల్డర్ విసిరిన బంతికి అడ్డం పడదలచుకున్నవాడు ముందు ముఖం సిద్ధం చేసుకోవాలి. కాళ్ల సంగతి తర్వాత. క్రికెట్ చట్టాల్లో 37వది మొత్తం 'కావాలని' అన్న ఒక్క మాట మీదే నిలబడింది. బ్యాటర్ మాటతోనో చేతతోనో కావాలని ఫీల్డింగ్ జట్టుకి అడ్డుపడితేనే అవుట్. పొరపాటున తగిలినా, దెబ్బ తప్పించుకోబోయి తగిలినా నాటౌట్. మీ కడుపులో ఏముందో అంపైర్‌కేం తెలుసు?

బేస్‌బాల్ ఆడే అమెరికావాళ్లకి ఈ సుఖం తక్కువ. బ్యాటుకి తగిలి వచ్చిన బంతిని అందుకోబోయే ఫీల్డర్‌కి రన్నర్ అడ్డొస్తే, మనసులో ఏముందని అడగరు, అవుటే. 2019 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో ట్రే టర్నర్ మొదటి బేస్‌కి గీసిన దారిలో పరుగెత్తలేదని అవుటిచ్చారు. మేనేజర్ డేవ్ మార్టినెజ్ అరిచి అరిచి మైదానం నుంచి గెంటించుకున్నాడు. 2024లో ఆ దారి వెడల్పు చేశారు. చూశారా, అరిస్తే పని జరుగుతుంది. కాకపోతే ఐదేళ్లు ఆగాలి.

పరుగెత్తేటప్పుడు వెనక్కి చూసి దారి మార్చకండి. 2019 మే 8న విశాఖపట్నంలో, సన్‌రైజర్స్‌తో ఎలిమినేటర్ ఆఖరి ఓవర్లో, ఢిల్లీ బ్యాటర్ అమిత్ మిశ్రా చేసిందిదే. పిచ్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి మారాడు, ఖలీల్ అహ్మద్ విసిరిన బంతి వచ్చి ఆయనకే తగిలింది. మూడో అంపైర్ రీప్లే చూసి పంపించేశాడు. 2024లో చెన్నైలో జడేజాకీ ఇదే గతి. వాళ్ల తప్పల్లా ఒక్కసారే వంకరగా పరుగెత్తడం. మీరు మొదటి పరుగు నుంచే వంకర టింకరగా పరుగెత్తండి. అడిగితే "నాకు చిన్నప్పట్నుంచీ అలవాటన్నా" అనొచ్చు. మన దగ్గర మూడో అంపైర్ లేడుగానీ, గట్టు మీద సెల్లో వీడియో తీసే బుడ్డోడు ఒకడుంటాడు. వాడికి ముందే ఒక గోలీసోడా ఇప్పించండి.

అసలు కిటుకంతా అంపైర్ ఎంపికలో ఉంది. మన ఆటల్లో అంపైర్ బ్యాటింగ్ జట్టువాడే కాబట్టి మనవాడేగా అని నిశ్చింతగా ఉంటారు. అక్కడే మునుగుతారు. ఇంకా బ్యాటింగ్‌కి దిగనివాణ్ణి నిలబెట్టారనుకోండి, మీరు అవుటైతే తప్ప వాడికి బ్యాటు రాదు. గడ్డం గోక్కుంటూ వేలెత్తేస్తాడు. పోనీ అవుటై వచ్చినవాణ్ణి పెడదామంటే, వాడికి సున్నా దగ్గర మొదలైన కడుపుమంట ఇంకా చల్లారదు. టీముల్లో మిగిలిపోయి రెండు పక్కలా ఫీల్డింగ్ చేసే జోకర్ ఉంటాడే, వాణ్ణి పెట్టండి. వాడికి ఎవరు గెలిచినా ఒకటే, భయం మాత్రం అందరంటే ఉంటుంది. గట్టిగా చూస్తే చాలు. గుంటూరు లైను నుంచి మాచర్ల లైను చీలే ఊరు కాబట్టి రైలు కూతలకి మనకి కొదవలేదు. వేలెత్తినా "కూతలో నీ మాట వినపళ్లా మావా" అని క్రీజులోనే నిలబడండి. పిడుగురాళ్ల సున్నంతో గీసిన గీత ఈపాటికి సగం చెరిగిపోయి ఉంటుంది, క్రీజు ఎక్కడుందో కూడా మీరే చెప్పొచ్చు.

అప్పీలు చెయ్యందే అంపైర్ అవుటివ్వకూడదు, ఇదీ చట్టమే. కాబట్టి బంతి తగలగానే మోకాలు పట్టుకుని "అమ్మా" అని పడిపోండి. నీళ్ల సీసా వెతికే హడావుడిలో అప్పీలు మర్చిపోతారు. ఎక్కువసేపు మాత్రం పడుకోవద్దు. బౌలర్ తర్వాతి బంతికి రనప్ మొదలుపెట్టేదాకా అప్పీలు చెల్లుతుంది. మీరు లేవందే వాడు కదలడు, గడువూ తీరదు.

నాన్ స్ట్రైకర్‌గా ఉన్నప్పుడు ఇంకో వెసులుబాటుంది. నోబాల్ కానప్పుడు మీరు కావాలని అడ్డుపడి క్యాచ్ చెడగొట్టినా, అవుటయ్యేది స్ట్రైకరే. అవతల ఉన్నది బావమరిదైతే ఈ అవకాశం వదులుకోకండి. కీపర్లని ఏడిపించే ముందు మాత్రం ఎండీన్‌ని తలుచుకోండి. 1951లో ఓవల్‌లో లెన్ హటన్, పైకి లేచిన బంతిని మళ్లీ బ్యాటుతో కొట్టి ఈ దక్షిణాఫ్రికా కీపర్ క్యాచ్‌కి అడ్డుపడ్డాడని అవుటయ్యాడు. టెస్టుల్లో ఈ తరహా అవుట్ అదే మొదటిది. ఆ ఎండీనే 1957లో బంతిని చేత్తో తోసి అవుటయ్యాడు. రెండూ చూసినవాడు మన మొహిందర్ అమర్‌నాథ్: వన్డేల్లో 1986లో చేత్తో తోసినందుకు, 1989లో అహ్మదాబాద్‌లో కాలితో తన్నినందుకు.

ఇక పందెం మ్యాచ్ అయితే వాదన ఆపకండి. పల్నాటివాళ్లం, నాగమ్మ కోడిపందెం కథ వింటూ పెరిగినవాళ్లం. ఆ పందెం పోగొట్టుకున్న మాచర్లవాళ్లు ఏడేళ్లు ఊరొదిలారంటారు. మీరు క్రీజు కూడా వదలక్కర్లేదు. అప్పటికీ కుదరకపోతే బ్యాటు చంకన పెట్టుకుని ఇంటికి పోండి, ఆట అక్కడితో ఆగుతుంది. బ్యాటు మీది కాకపోతే మాత్రం నోరు మూసుకుని గట్టు మీద కూర్చోండి, సాయంత్రం ఫీల్డింగ్‌కి పిలుస్తారు.