కృత్తివెన్నులో చక్రం తిప్పేవాళ్లు

ఆషాఢం పోకముందే శ్రావణం ముహూర్తాల రేట్లు వచ్చేశాయి. సెంటర్లో ఫ్లెక్సీ చూసే ఉంటారు. క్యాండిడ్‌కో రేటు, డ్రోన్‌కో రేటు, ఎల్‌ఈడీ తెరకో రేటు. వాటి కింద ఈ ఏడు కొత్త వరస: 'ఫాలో ఫోకస్‌తో సినిమాటిక్'. దానికీ అదనమే. బంటుమిల్లిలో ఒకాయన మొదలెట్టాడని కృత్తివెన్నులో ఇంకొకాయన, ఈయన పెట్టాడని పెడనలో వేరొకాయన. నిన్నమొన్నటి దాకా వంటవాడెవరు, మేళం ఎవరిది అని అడిగిన మేనమామలు ఇప్పుడు గొంతు సవరించుకుని "ఫాలో ఫోకస్ ఉందిగా?" అంటున్నారు. "ఉందండీ" అనగానే తృప్తిగా తల ఊపుతున్నారు. ఉంటే ఏమవుతుందని ఒక్కరూ అడగరు. అడిగినా చెప్పేవాడు లేడు.

వైభవం మాత్రం కాదనలేం. కెమెరా కింద 15 మిల్లీమీటర్ల రాడ్లు రెండు, వాటికి బిగించిన పిడి, పిడి దగ్గర తెల్లటి చక్రం, పిడి తిప్పితే ఫోకస్ రింగు తిరిగేట్టు లెన్సు చుట్టూ పళ్ల రింగు. ఇవన్నీ తగిలించుకున్న కుర్రాడు నిన్న వీడియో అబ్బాయి, నేడు సినిమా ఛాయాగ్రాహకుడిలా డీఓపీ గారు. మండపంలో పురోహితుడికి ఇవ్వని దారి ఆయనకిస్తున్నారు. పెట్టుబడీ పెద్దది కాదు. బడ్జెట్ ఫాలో ఫోకస్ ఆన్‌లైన్లో రెండు మూడు వేలకే దొరుకుతుంది. ఒక్క పెళ్లి అదనపు రేటుతో అసలు వచ్చేస్తుంది, మిగతా ముహూర్తాలన్నీ లాభమే. రొయ్యల చెరువులో ఇంత గ్యారంటీ ఎవరికుంది?

ఆ పళ్ల రింగు బిగించింది దేనికీ అంటే, కెమెరాతోపాటు పెట్టెలో వచ్చిన లెన్సుకి. మిర్రర్‌లెస్ కెమెరాలకు ఇప్పుడొస్తున్న లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ రింగు లోపలి అద్దాలకు తగిలే ఉండదు. రింగు తిప్పితే ఒక సెన్సరు కనిపెడుతుంది, మోటారుకి కబురు పంపుతుంది, మోటారు అద్దాన్ని జరుపుతుంది. మెల్లగా తిప్పితే కొంచెం, విసురుగా తిప్పితే ఎక్కువ. అటు అంతం లేదు, ఇటు అంతం లేదు. సంక్రాంతి దాకా తిప్పినా తిరుగుతూనే ఉంటుంది. ఒకచోట గుర్తు పెట్టుకుని, పక్కకు తిప్పి, మళ్లీ ఆ గుర్తు దగ్గరికొస్తే ఫోకస్ అక్కడ ఉండదు. కొన్ని కంపెనీలు రింగు ఎంత తిరిగితే అంతే జరిగేట్టు మెనూలో ఒక ఏర్పాటు ఇచ్చాయి. ఆ మెనూ తెరిచిన మహానుభావుణ్ణి నేనింకా చూడాలి. కొందరైతే మరీ తెలివిగా ఆటోఫోకస్ ఆన్‌లోనే ఉంచి, పిడి ఊరికే తిప్పుతున్నారు. ఆటోఫోకస్ దాని పని అది చేసుకుపోతుంది, వీళ్ల నటన వీళ్లది.

ఇక ఆ తెల్లచక్రం. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

అది తెల్లగా ఉన్నది అందానికి కాదు. గీతలు పెట్టుకోవడానికి. నటుడు గుమ్మంలో ఉన్నప్పుడు ఇక్కడ, కుర్చీ దగ్గరికొచ్చినప్పుడు అక్కడ అని రిహార్సల్లో టేపు పట్టి కొలిచి, చక్రం మీద మార్కరుతో గీసుకుంటారు. షాట్ మారితే తుడిచేసి మళ్లీ గీస్తారు. ఆ గీతల కోసమే ఈ పరికరం పుట్టింది. మన మండపాల్లో నేను చూసిన తెల్లచక్రాల మీద పసుపు ఉంది, కుంకుమ ఉంది, ఒకదాని మీద సాంబారు కూడా ఉంది. గీత లేదు.

ఎలా ఉంటుంది పాపం? గీత కావాలంటే రిహార్సల్ కావాలి. గంపలో పెళ్లికూతుర్ని మోసుకొచ్చే మేనమామలు నేల మీద సుద్దముక్క గుర్తు చూసుకుని ఆగుతారా? తలంబ్రాలప్పుడు పెళ్లికొడుకు మెడ ఎంత దూరం వంచుతాడో టేపు పట్టి కొలుస్తారా? బిందెలో ఉంగరం వెతికే చేతులకు ఎక్కడ గీత గీస్తారు? కుదరదు. కుదరదని తెలుసుకుని మనవాళ్లు దీనికో విరుగుడు కనిపెట్టారు. పెళ్లినే రిహార్సల్ చేసేశారు.

"పంతులుగారూ, ఒక్క నిమిషం. బాబూ, తాళి మళ్లీ ఒకసారి. ఇందాక ఫోకస్ రాలేదు."

అలా మూడు ముళ్లు ఆరవుతున్నాయి. ఆరు తొమ్మిదవుతున్నాయి. సుముహూర్తమంటే జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం. దాన్ని నిమిషాలతో సహా శుభలేఖలో అచ్చు వేయిస్తాం. ఆ నిమిషం కోసం రెండు కుటుంబాలు ఇద్దరు ముగ్గురు సిద్ధాంతులను అడిగి, జాతకాలు తిరగేసి, హాలు ఖాళీ లేకపోతే బతిమాలి తెచ్చుకుంటాయి. తీరా ఆ నిమిషానికి పంతులుగారు తల ఎత్తి డీఓపీ గారి వంక చూస్తున్నారు. డీఓపీ గారు చెయ్యి ఊపితే ముహూర్తం. ఊపకపోతే వర్జ్యం.

నవ్వులాట ఇక చాలు. నాకు ఒళ్లు మండుతున్నది దీని తర్వాతి సంగతికి.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, అపర్చర్ ఎఫ్ 1.8 దాకా తెరిచి, 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు 6 సెంటీమీటర్లు. ముక్కు వస్తే చెవి రాదు. వెనకంతా మసక కావాలి, అదే సినిమాటిక్ అని అంత తెరుస్తారు. అమ్మమ్మ అక్షింతలు వేస్తుంది. ముందు పళ్లెం మీద ఫోకస్ పెట్టి, అక్కణ్ణుంచి ఆవిడ మొహానికి తిప్పుతాడట. తిప్పి వెతుక్కుని వచ్చేసరికి ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది. పళ్లెం మాత్రం అద్భుతంగా వచ్చింది. మనవరాలి పెళ్లికి మోకాళ్ల నొప్పులతో మండపం ఎక్కిన ముసలావిడ ఆ వీడియోలో ఒక తెల్లచీర రంగు మరక. ఆ మరకకు అదనపు రేటు ఇచ్చింది ఆవిడ కొడుకే!

అదే అపర్చర్ కాస్త మూసి ఎఫ్ 5.6 పెడితే ఆ లోతు మూడింతలవుతుంది. ముక్కూ వస్తుంది, చెవీ వస్తుంది, పక్కనున్న తాతయ్యా కొంత వస్తాడు. కానీ దానికి వెలుతురు కావాలి. వెలుతురుకి లైటు పట్టుకునే మనిషి కావాలి. మనిషికి కూలి ఇవ్వాలి. అదీ అసలు ఏడుపు.

సినిమాల్లో ఆ పిడిని కెమెరా పట్టుకున్నవాడు తిప్పడు. పక్కన నిలబడి ఫోకస్ పుల్లర్ తిప్పుతాడు. పిడి లెన్సుకు పక్కవాటుగా ఉన్నదీ, చక్రం పక్కనుంచి కనబడేట్టు ఉన్నదీ అతని కోసమే. దూరాన్ని కంటితో కొలవడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. అది ఒక మనిషి విద్య, ఒక మనిషి జీతం. మనవాళ్లు ఆ మనిషిని తీసేసి పిడి ఒక్కటీ తెచ్చుకున్నారు. తెచ్చుకుని, ఉన్న ఆ ఒక్క లైటు కుర్రాణ్ణి కూడా మాన్పించేశారు. రాత్రి పందిట్లో మొదలుపెట్టి తెల్లవారి అప్పగింతల దాకా చెయ్యెత్తి నిలబడే కుర్రాడికి కూలి అడిగితే "భోజనం పెట్టించాంగా" అన్న నోళ్లే ఇవి. మన చెరువుల మీద రాత్రి కాపలా కాసేవాడికి కూడా పూట లెక్కన డబ్బులుంటాయి. ఈ కుర్రాడికి బఫే చివర్లో చల్లారిన పులిహోర. ఆ పులిహోర మిగిల్చి కొన్నదే ఈ బడ్జెట్ ఫాలో ఫోకస్. బడ్జెట్ అంటే ఎవరి బడ్జెట్టో ఇప్పుడు తెలిసిందిగా!

చిలకలపూడి బంగారంతో పోల్చబోయి ఆగాను. చిలకలపూడివాళ్లు పూత అని చెప్పే అమ్ముతారు.

1869లో బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటూ, దాన్ని తాకట్టు పెట్టి ముప్ఫై వేల రూపాయలతో క్రోనో మెగాఫోన్ కొన్నారు. 1921లో ఆయన కొడుకు ప్రకాష్ 'భీష్మ ప్రతిజ్ఞ' సినిమా తీశాడు. యంత్రాల పిచ్చి ఈ జిల్లా నీళ్లలోనే ఉందని దీన్నిబట్టి ఎవరైనా వాదించవచ్చు. ఆయన కొన్న యంత్రం బొమ్మ చూపించింది, పాట వినిపించింది. పాతికమంది ఎదుట డాబుగా కనబడ్డానికి కొన్నది కాదు.

పరికరాన్నే తిడుతున్నానని అనుకోకండి. 2008లో క్యానన్ 5డీ మార్క్ 2 వచ్చినప్పుడు వీడియో నడుస్తుండగా మనిషి వెంట పోయే ఆటోఫోకస్ దాంట్లో లేదు. అప్పుడు ఈ పిడికి అర్థముంది. ఇప్పుడూ చేతితో తిప్పే పాత లెన్సు ఉంటే అర్థముంది. అటొక అంతం, ఇటొక అంతం ఉండి, గుర్తు పెట్టినచోటికి వస్తే అదే దూరం చూపించే లెన్సు. దానికి రెండు మూడు వేలు కూడా అక్కర్లేదు. రొయ్యల చెరువుల ఏరియేటర్ల సామాన్లమ్మే కొట్లో పైపులకు బిగించే స్టీలు క్లిప్పు తీసుకోండి. లెన్సు రింగు చుట్టూ సైకిలు ట్యూబు ముక్క వేసి, దాని మీద క్లిప్పు బిగించి, మర దగ్గర ఒక పుల్ల నిలబెట్టండి. మరీ బిగిస్తే రింగు పట్టేస్తుంది, జాగ్రత్త. రింగు అంచున వేళ్లతో 90 డిగ్రీలు తిప్పితే చెయ్యి కదిలేది 5 సెంటీమీటర్ల పైచిలుకు. 20 సెంటీమీటర్ల పుల్ల చివర పట్టుకుంటే 30 దాటుతుంది. అంత నిదానంగా, అంత నికరంగా ఆపుకోవచ్చు. పుల్ల కదిలే మేర వెనక అట్టముక్క పెడితే గీతలకూ చోటు దొరికినట్టే. పళ్లుండవు కాబట్టి పళ్ల మధ్య వదులూ ఉండదు. మార్కెట్లో దొరికే చవక రకాల్లో పిడి కాస్త తిరిగాక గానీ రింగు కదలదు. పైగా మంగినపూడి నల్లమట్టిలో ప్రీ-వెడ్డింగ్ రెండుసార్లు తీస్తే ఆ పళ్ల సంగతి అంతే.

ఈ పుల్ల ఉపాయం ఒక డీఓపీ గారికి చెప్పాను. నొచ్చుకున్నాడు. "పుల్ల పెడితే పార్టీ ఏమనుకుంటారు గురువుగారూ" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు కనుక నేనేం అనలేకపోయాను. వచ్చే సీజనుకి వైర్‌లెస్ ఫాలో ఫోకస్ తెస్తున్నాడట. ఫ్లెక్సీలో అదింకో వరస. లెన్సు మీద మోటారు ఉంటుంది, దూరంగా నిలబడి రిమోటుతో తిప్పవచ్చు.

"రిమోటు ఎవరు పట్టుకుంటారు?"

"నేనేనండి."

"మరి కెమెరా?"

"అదీ నేనే. రెండు చేతులున్నాయి కదండీ."

"లైటో?"

కాసేపు ఆలోచించాడు. "పెళ్లికూతురి తమ్ముడు పట్టుకుంటాడండి. ఎలాగూ ఖాళీయేగా."