కారును కింద నుంచి చూడండి

మా కడియపులంకకి పొరుగూళ్ళ నుంచి మొక్కలు కొనడానికి వచ్చేవాళ్ళు ముందు పువ్వు చూస్తారు, తర్వాత ఆకు చూస్తారు, ఆ పైన బేరమాడతారు. మాలో మేం కొనుక్కునేటప్పుడు అలా చూడం. కవరు పైకెత్తి అడుగు చూస్తాం. చిల్లుల్లోంచి తెల్లటి కొత్త వేళ్ళు కనిపిస్తే మొక్క మంచిది. వేళ్ళు ముదిరి కవరు లోపలే చుట్టలు చుట్టుకుపోయి ఉంటే, పైన ఎన్ని పువ్వులున్నా నేలలో పెట్టాక అది ఎదగదు.

ముప్పయ్యేళ్ళుగా మొక్కలు అమ్ముతున్నాను. ఈ లోపల అయిదు కార్లు మార్చాను. కారు కొనేటప్పుడు అందరూ చూసే వరస ఒకటుంది: ముందు మైలేజీ, తర్వాత అందం, ఆ తర్వాత రేపు అమ్మితే ఎంతొస్తుంది. నాకు ఆ వరస పువ్వు చూసి మొక్క కొన్నట్టే ఉంటుంది. మా బావగారు ‘‘నీవన్నీ తలకిందుల సలహాలయ్యా’’ అంటారు. తలకిందులేనండి. అవే రాస్తున్నాను.

షోరూముకి వెళ్ళకండి, ముందు షెడ్డుకి వెళ్ళండి. మీ ఇంటికి దగ్గరలో ఏ మెకానిక్ షెడ్డు ఉందో అక్కడ గంటసేపు కూర్చోండి. ‘ఏ కారు మంచిది’ అని అడగొద్దు, ఆయన తనకి నచ్చిన పేరు చెప్పేస్తాడు. మూలన దుమ్ము పట్టి ఉన్న బండి ఏదో చూడండి. అది ఎన్నాళ్ళ నుంచి అక్కడుందో అడగండి. సాధారణంగా అది బాగుచెయ్యడం రాక ఆగిన బండి కాదు, సామాను రాక ఆగిన బండి. నమ్మకమైన కారంటే చెడిపోని కారని అనుకుంటాం. చెడిపోని కారు లేదు. చెడిపోతే ఎన్ని రోజుల్లో రోడ్డెక్కుతుందన్నదే లెక్క.

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసిన సంగతి. ఒకసారి నల్లటి పొడుగాటి కారు ఒకటి మోజుపడి కొన్నాను. కంపెనీ పేరు అనవసరం. తొలకరి ఆర్డర్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో కాలువ గట్టు మీద రాయి తగిలి ఆయిల్ చాంబర్ పగిలింది. చాంబర్ రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ లారీల లోడింగుకీ, పూల మార్కెట్టుకీ అద్దె బండిలో తిరిగాను. చాంబర్ ఖరీదు కన్నా బండి అద్దె ఎక్కువైంది. అదే రాయి మా పక్కింటి పాత వ్యాగన్ఆర్‌కి తగిలి ఉంటే, పొద్దున్న పగిలిన చాంబరు సాయంత్రానికి రాజమండ్రి నుంచి ఆటోలో వచ్చేసేది.

అందుకే ఊరికి విసుగు పుట్టిన మోడలే కొనండంటాను. కొత్తగా వచ్చిన మొక్కని మేం మూడు వేసవులు చూస్తే గాని మా సొంత తోటలో పెట్టం. కారుకీ అదే పద్ధతి. మోడలు వచ్చిన మొదటి ఏడాది మీరు డబ్బిచ్చి దాన్ని పరీక్ష చేసిపెడుతున్నట్టే. అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 దాకా ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారైంది. మారుతి 800 మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా 1983 డిసెంబరు 14న యజమానికి అందాయి, అది కూడా 2014లోనే ఆగింది. ఒకటి యాభై ఏళ్ళకి పైగా, ఒకటి ముప్పయ్యేళ్ళు బతికాయి. గొప్ప బళ్ళని కాదు. ఏ సందులో ఆగినా విప్పే చెయ్యి, దొరికే సామాను ఉన్నాయి. వ్యాగన్ఆర్ 1999లో వచ్చింది, స్విఫ్ట్ 2005లో, డిజైర్ 2008లో, బొలెరో 2000లో. ఇవన్నీ చూసి చూసి విసుగు పుట్టిన పేర్లు. ఆ విసుగే వాటి బలం.

కియా సెల్టోస్ 2019లో మన పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు, మన రాష్ట్రపు కారని మా ఊళ్ళో చాలామంది పొంగిపోయారు. నేనూ పొంగాను. కానీ ఎక్కడ పుట్టిందో చూసి కొనే పద్ధతి నాకు లేదు. మా నర్సరీల్లో అమ్మే మొక్కల్లో సగం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవే, ఈ మట్టికి అలవాటు పడ్డాయి గనక మావయ్యాయి. సెల్టోస్ ఇప్పుడు రోడ్డు మీద ఏళ్ళు గడిపింది, షెడ్డుల్లో చేతులు అలవాటు పడ్డాయి. ఇప్పుడు కొంటానంటే నేను కాదనను.

మైలేజీ అడగకండి. కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద బండిని తిప్పి తీసినది. ఆ రోలర్ల మీద వేమగిరి జంక్షన్ లేదు, గేదెలు లేవు, నిండు ఏసీ లేదు. ఆ అంకెని నమ్మినా, లెక్క వేస్తే ఏం తేలుతుందో చూడండి. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరిగే మనిషికి లీటరుకి 18 ఇచ్చే బండి 444 లీటర్లు తాగుతుంది. 22 ఇచ్చేది 364 లీటర్లు తాగుతుంది. తేడా 80 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకున్నా ఏడాదికి 8,800. ఆ నాలుగు కిలోమీటర్ల కోసం లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి కొంటే, అది తిరిగి రావడానికి పదకొండేళ్ళు దాటాలి. ఈ లోగా ఒక్క క్లచ్ సెట్టు, నాలుగు టైర్లు ఆ లెక్కని మింగేస్తాయి. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు. దానికి తగ్గట్టు తయారుకాని పాత కార్లకి మైలేజీ ఆరేడు శాతం దాకా తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. ఆ కారుకి అప్పట్లో మీరు షోరూములో బేరమాడి సాధించిన కిలోమీటరు అక్కడే పోయింది. మైలేజీ బదులు ఇవి అడగండి: సర్వీసు ఎంత, టైరు సైజేంటి, ఆ సైజు టైరు మన ఊళ్ళో దొరుకుతుందా, ముందు బంపర్ ఎంత. బంపర్ ధర అడిగితే సేల్స్ కుర్రాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

డీజిలు మీద మావాళ్ళకి మమకారం ఎక్కువ. నర్సరీ గేటు నుంచి పూల మార్కెట్టుకి, అక్కడి నుంచి ఇంటికి తిరిగే మనిషి బీఎస్-6 డీజిలు కారు కొనకూడదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఆ బళ్ళ పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది బాగా వేడెక్కి ఆ మసిని కాల్చుకోవాలంటే బండి కొంతసేపు ఏకధాటిగా పరిగెత్తాలి. మూడేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే ఫిల్టరు పూడుకుపోతుంది. నెలకి నాలుగుసార్లు హైదరాబాదు వెళ్ళేవాళ్ళు డీజిల్ ఇన్నోవా కొనుక్కోండి, అది వాళ్ళ బండే. సీఎన్జీ కావాలంటే ముందు డిక్కీ తెరిచి చూడండి. పాత పద్ధతిలో సిలిండరు డిక్కీని ఆక్రమించేస్తుంది. టాటావాళ్ళు 2023లో ఆల్ట్రోజ్‌లో ఒక పెద్ద సిలిండరుకి బదులు రెండు చిన్నవి కింద అమర్చి ఆ బాధ తగ్గించారు.

డిక్కీ లీటర్లు నమ్మకండి. డిజైర్‌కి 382 లీటర్లు, వ్యాగన్ఆర్‌కి 341 అని పుస్తకంలో ఉంటుంది. మీరు ఒక నాలుగడుగుల ఎరికా పామ్ కుండీ పట్టుకెళ్ళి పెట్టి చూడండి. డిజైర్ డిక్కీ మూత పడదు. వ్యాగన్ఆర్‌లో వెనక సీటు మడిస్తే మొక్క సులువుగా వెళ్తుంది. లీటర్లు నీళ్ళకి కొలత, సామానుకి కాదు. మీకు మొక్కల పని లేకపోతే మీ ఇంట్లో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే సామాను, ధాన్యం బస్తానో చంటిబిడ్డ తోపుడుబండో, తీసుకెళ్ళండి.

టెస్ట్ డ్రైవ్ హైవే మీద చెయ్యకండి. హైవే మీద ఏ కారైనా బాగానే ఉంటుంది. నలుగురు పెద్దవాళ్ళని ఎక్కించుకుని కాలువ గట్టు మీదికి తీసుకెళ్ళండి, స్పీడ్ బ్రేకర్లు ఎక్కించి దించండి, అడుగున ఏదన్నా రాసుకుంటే ఆ చప్పుడు మీకు వినపడుతుంది. ఖాళీ బండి నేలకి ఎంత ఎత్తున ఉందని కాగితంలో రాస్తారు, డిజైర్ 163 మిల్లీమీటర్లు, నెక్సాన్ 208. నిండు బండి ఎత్తు మీరే చూసుకోవాలి. ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషిని వెనక సీటులో అయిదుసార్లు ఎక్కించి దించండి. మా పెద్దమ్మ నా నల్లకారు దిగలేక తలుపు పట్టుకుని, ‘‘ఒరే అబ్బాయ్, ఇది కారా గొయ్యా’’ అంది. ఆవిడ మోకాళ్ళు ఆ రోజే తీర్పిచ్చేశాయి, నేనే వినలేదు.

అందం విషయానికి వస్తే, మీరుండే ఊరి బురద ఎండితే ఏ రంగవుతుందో ఆ రంగు కొనండి. మా దగ్గర అది బూడిదా గోధుమా కలిసిన రంగు. తెలుపు రెండోది. నలుపు వద్దేవద్దు. కొబ్బరి పీచు పొడి, ఎర్రమట్టి దుమ్ము రోజూ తుడిస్తే తుడుపు గీతలే నల్ల పెయింటు మీద సాలెగూడులా మిగిలిపోతాయి. ఏడేళ్ళ తర్వాత కూడా చూడబుద్ధేసే కారే అందమైన కారు. షోరూము దీపాల కింద మెరిసిన మెరుపు వారం ఉంటుంది.

రీసేలు గురించి ఆలోచించకండి. అమ్మడానికి పెంచే మొక్కని మేం చిన్న కవరులోనే ఉంచుతాం, దాని వేరు ఎప్పటికీ నేలని తాకదు. అమ్మే రోజుని తలుచుకుంటూ వాడే కారూ అంతే, దాన్ని ఎవరూ మనస్ఫూర్తిగా వాడుకోరు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉంచేస్తారు, పొలం గట్టుకి తీసుకెళ్ళరు. పన్నెండేళ్ళు వాడండి. అప్పుడు రీసేలుకి అర్థమే ఉండదు.

పాత బండి కొంటున్నారా? మెకానిక్‌ కన్నా ముందు మొక్కలవాడిని తీసుకెళ్ళండి. ఈ మాట అందరికన్నా ఎక్కువగా నవ్వించింది మా బావగారినే. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో వేల బళ్ళు మునిగాయి. వరదలో మునిగిన కార్లు కడిగించుకుని, పాలిష్ పెట్టించుకుని ఎక్కడెక్కడికో అమ్మకానికి వస్తుంటాయి. ఇంజను చప్పుడు బాగానే ఉంటుంది, మెకానిక్ బాగుందనేస్తాడు. ఒండ్రుమట్టితో బతికేవాడిని ఆ బండి మోసం చెయ్యలేదు. అద్దాలు మూసి పది నిమిషాలు లోపల కూర్చోండి, తడి కవరు విప్పినప్పటి వాసన వస్తుందేమో చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపల దాగిన భాగం మీద మట్టిగీత ఉంటే బండి అంత ఎత్తున మునిగింది. స్టెప్నీ తీసి ఆ గుంటలో వేళ్ళు పెట్టండి, మెత్తటి ఒండ్రు వేలికి అంటుతుంది. సీట్ల కింద బోల్టులకి తుప్పు ఉందేమో చూడండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అయిదేళ్ళు దాటితే బేరంలో నాలుగు టైర్ల ఖరీదు తగ్గించమనండి.

ఒక్క చోట మాత్రం నా తలకిందుల లెక్క చెల్లలేదు. ఇంతసేపూ వ్యాగన్ఆర్‌ని మెచ్చుకున్నాను. 2023లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ దాన్ని గుద్ది చూస్తే పెద్దవాళ్ళ రక్షణకి ఒక్క స్టారు వచ్చింది, పిల్లల రక్షణకి అదీ రాలేదు. ఆల్టో కె10కి పెద్దవాళ్ళ రక్షణలో రెండు వచ్చాయి. మన దేశంలో తయారైన కార్లలో మొదట అయిదు స్టార్లు సాధించింది టాటా నెక్సాన్, 2018లో. 2024 నవంబరులో కొత్త డిజైర్‌కి అయిదు వచ్చాయి, మారుతికి అదే మొదటిసారి. స్టార్లు కింద నుంచి చూస్తే కనపడవు, మెకానిక్ చెప్పలేడు, మోకాళ్ళు చెప్పవు. మార్కెట్టుకీ ఇంటికీ తిరిగేవాళ్ళకి కూడా నేను వెనక సీటు బెల్టు పెట్టుకోమనే చెబుతాను. రావులపాలెం మీదుగా విజయవాడకి వారం వారం వెళ్ళేవాళ్ళు, పిల్లల్ని ఎక్కించుకునేవాళ్ళు, స్టార్లు చూడకుండా కారు కొనకండి. ఎరికా పామ్‌ని ట్రాలీ ఆటోలో పంపించండి.

నన్నడిగితే, ఇవాళ మా కడియం వైపు ఒక ఇంటికి ఒక్క కారంటే 2024 తర్వాతి డిజైర్, తెలుపో బూడిదరంగో, పెట్రోలు. షెడ్డులో సామానుంది, స్టార్లున్నాయి. ఎత్తు తక్కువ, గట్టు మీద నెమ్మదిగా నడపాలి, మొక్కలకి వేరే బండి చూసుకోవాలి. ఎత్తు కావాలంటే నెక్సాన్.

ఈ ఆదివారం కారు చూడ్డానికి వెళ్తుంటే ఒక ఖాళీ గోనెసంచి తీసుకెళ్ళండి. షోరూమైనా, పాత బళ్ళ దుకాణమైనా, ముందు దాన్ని నేల మీద పరిచి, పడుకుని బండి అడుగు చూసి, ఆ తర్వాతే ధర అడగండి.