ముద్ర లేనిదే ముట్టని బావగారు

మా బావగారి చేతికి ఏ వస్తువిచ్చినా ముందు దాన్ని బోర్లిస్తారు. మిక్సీ కానీండి, ఇస్త్రీపెట్టె కానీండి, మనవరాలు ఆడుకునే కారుబొమ్మ కానీండి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, అడుగున ఉన్న సన్నటి అచ్చుని కిటికీ వెలుతురులో పెట్టి చదువుతారు. సర్వీసంతా బ్యాంకులో చెక్కుల మీద సంతకాలు సరిచూసిన మనిషి. రిటైరయ్యాక చెక్కులు పోయాయి, అనుమానం మాత్రం ఉండిపోయింది.

ఐఎస్ఐ ముద్ర కనిపిస్తే మనలాంటివాళ్లం తృప్తిపడి డబ్బులిచ్చేస్తాం. ఆయనకి అది చాలదు. ముద్ర పైన ప్రమాణం నంబరుండాలి, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరుండాలి. రెండూ ఉన్నా వదలరు. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి, ఆ నంబరు కొట్టి, లైసెన్సు ఎవరిది, ఏ వస్తువుకిచ్చారు, ఇంకా చెల్లుతోందా అని ఆరా తీస్తారు. బీసెంట్ రోడ్డులో ఆయన ఒక్క ఇస్త్రీపెట్టె కొనేలోగా షాపువాడు మిగతా జనానికి బిల్లులు రాసి పంపేస్తాడు. ఖాళీ దొరికితే చరిత్ర కూడా అందుకుంటారు. "ఐఎస్ఐ అనే సంస్థ 1947 జనవరిలోనే పుట్టిందయ్యా, స్వాతంత్య్రం కంటే ముందు. 1987లో దాని స్థానంలో బీఐఎస్ వచ్చినా ముద్ర మాత్రం పాతదే." చెప్పే తీరు చూస్తే బారసాల ఈయనే దగ్గరుండి చేయించారేమో అనిపిస్తుంది.

బ్యాంకాయన కదా అని మా పిన్ని కూతురి పెళ్లిలో చదివింపుల పుస్తకం ఆయన చేతిలో పెట్టారు. ఎవరి బుద్ధి అది, తెలీదు. దూరపు చుట్టం ఒకాయన పాపం మంచి రంగుకాగితంలో ప్రెషర్ కుక్కరు చుట్టించి తెచ్చాడు. బావగారు కాగితం విప్పారు. విప్పకూడదు, విప్పారు. బోర్లించారు. "ఏమండీ, ఐఎస్ 2347 ఏదీ?" అనడిగారు. ఆయన అదేదో ఇంటి నంబరనుకుని వాళ్ల వీధి పేరు చెప్పాడు. చివరికి పుస్తకంలో ఎక్కిన పద్దు ఇదీ: కుక్కరు ఒకటి, ముద్ర లేదు. మా పిన్ని ఆ పేజీ ఇప్పటికీ ఎవరికీ చూపించదు.

ఊరంతటికీ 2021 అంటే కరోనా. ఆయనకి పండగలన్నీ ఒక్కసారి వచ్చిపడ్డ ఏడాది. జనవరిలో బొమ్మలకి ముద్ర తప్పనిసరి చేశారు, ఫిబ్రవరిలో కుక్కర్లకి, జూన్‌లో హెల్మెట్లకి. అదే జూన్‌లో బంగారానికి హాల్‌మార్కు. ఆ ఉత్సాహంలో లాక్‌డౌన్ సడలగానే కొండపల్లి వెళ్లి, అంబారీ ఏనుగుని బోర్లించి చూశారు. ఆ బొమ్మలు చేసే ఇంటి కుర్రాడు తాపీగా, "మాది జీఐ బొమ్మ సార్, ఆ రూలు మాకు లేదు" అన్నాడు. నిజమే, చేతివృత్తులవాళ్లకీ జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. బావగారికి తెలియని రూలు ఇంకొకరికి తెలిసి ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఏనుగుని కొన్నారు గానీ దారిపొడుగునా మాట్లాడలేదు.

నేను ప్రేమగా ఇచ్చిన ఫోన్ చార్జరుకి పట్టిన గతి కూడా చెప్పాలి. సీఈ అన్న అక్షరాలు చూపించి, "యూరప్ ముద్ర బావగారూ" అన్నాను. "చాలా వస్తువులకి ఆ ముద్ర తయారుచేసినవాడే వేసుకోవచ్చురా. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. మన దగ్గర చార్జరుకి ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరుండాలి" అని దాన్ని బల్లసొరుగులో పడేశారు. ఇంకా అక్కడే ఉంది. మొన్న కూడా చూశాను.

ఇంత సతాయించే మనిషితో కూడా ఒప్పుకోక తప్పని సందర్భం ఒకటొచ్చింది. హైవే పక్కన టార్పాలిన్ మీద హెల్మెట్లు గుట్టపోసి అమ్ముతున్నారు. నాకొకటి కావలసి ఆగాం. ముద్ర స్టిక్కరుంది, కింద నంబరు లేదు. "నంబరెందుకు సార్, గట్టి మాలు" అని అమ్మేవాడు హెల్మెట్‌ని తారురోడ్డు మీద ఠపీమని కొట్టాడు. పగల్లేదు. నేను పర్సు తీశాను. బావగారు నా చెయ్యి పట్టుకుని ఆపి, అతనితో మెల్లగా అన్నారు: "పగలకపోవటం కాదు బాబూ. లోపలి తలకి ఎంత దెబ్బ తగిలిందో చూడాలి. అది నువ్వు చూస్తే కుదరదు, చేసినవాడు చూసినా కుదరదు. అమ్ముడైతే రూపాయి రానివాడు, అమ్ముడవకపోతే రూపాయి పోనివాడు చూడాలి." ల్యాబులో హెల్మెట్ లోపల లోహపు తల బిగించి, ఇనపదిమ్మె మీద పడేసి, ఆ తలకి అందిన అదురు కొలుస్తారట. లైసెన్సు ఇచ్చాక కూడా అధికారులు చెప్పకుండా ఫ్యాక్టరీకి వెళ్తారు, బజారులో మామూలు జనంలా కొని ల్యాబుకి పంపుతారు. ఎండలో నిలబెట్టి ఇదంతా చెప్పారు. తిట్టుకుంటూనే విన్నాను. ఆ రాత్రి మా ఇంట్లో ఉన్న పాత హెల్మెట్‌ని టార్చిలైటు వేసి మరీ చూశాను. ఆయన గాలి సోకింది, ఏం చేస్తాం.

ఇక అక్క పక్షాన ఒక్క మాట. ఇన్ని ముద్రలు చూసే ఈ మహానుభావుడి ఇంట్లో, మేడమీదికి నీళ్లెక్కించే మోటారుకి ప్లగ్గు లేదు. రెండు తీగలూ సాకెట్లో దోపి, ఊడకుండా రెండు అగ్గిపుల్లలు గుచ్చి ఉంటాయి. ఓ రోజు అక్కకి ఒళ్లుమండి, "ఏవండీ, ఆ అగ్గిపుల్లలకుందా మీ ఐఎస్ఐ?" అనడిగింది. ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా, "అగ్గిపెట్టెలకీ ఓ ప్రమాణం ఉందే, తెలుసుకో" అన్నారు. ప్లగ్గు మాత్రం ఇంకా రాలేదు. ఎన్ని షాపులు తిరిగినా ఆయనకి నచ్చిన ముద్ర దొరకలేదట.

ఈయన మీ ఇంటికి భోజనానికి వచ్చే ప్రమాదం ఉంటే, వంట సంగతి తర్వాత, ముందు గ్యాస్ సిలిండరు చూసుకోండి. పైన పిడిని నిలబెట్టే పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన సంవత్సరం రాసి ఉంటాయి. ఏ అంటే మార్చి, బీ అంటే జూన్, సీ సెప్టెంబరు, డీ డిసెంబరు. ఆ నెలాఖరుకి సిలిండరుని మళ్లీ పరీక్షకి పంపాలని దానర్థం. గడువు దాటినది తెస్తే తీసుకోకండి, వేరేది తెమ్మనండి.