ట్రాంపొలినీయం: సటీకాతాత్పర్యం

అవతారిక

గౌతమీ గోదావరి గట్టున, ఆత్రేయపురం మండలంలో ఉంది వాడపల్లి. ఏడు శనివారాల మొక్కుతో వెంకన్నను చూడవచ్చేవాళ్లకు ఈ ఊరు ప్రదక్షిణలతో మొదలై ప్రసాదంతో అయిపోతుంది. గుడి వీధి దాటి కొబ్బరి తోటల్లోకి నాలుగడుగులు వేస్తే ఇళ్లు, ఇళ్ల వెనక పెరళ్లు కనిపిస్తాయి. ఆ పెరళ్లలో ఒకదానికి ట్రాంపొలిన్ కొనాలా, కొంటే ఏ కంపెనీది కొనాలి అన్న విచికిత్స పుట్టినప్పుడు ఆ ఇంటి తాతగారు చెప్పిన ఆటవెలది ఈ వ్యాఖ్యకు మూలం.

ప్రేరణ మనవడు. డాలస్‌లో వాళ్ల పెరట్లో ఒకటుంది. వేసవికి ఇక్కడికి వచ్చినప్పుడల్లా ‘‘ఇక్కడేం లేదు తాతా’’ అంటాడు. ఆ ‘ఏం లేదు’లో గోదావరి, రెండు దూడలు, పూతరేకులు అన్నీ కలిసిపోతాయి. అది వినలేక పెద్దకొడుకు కుటుంబ వాట్సాప్‌లో ఒక పట్టిక పెట్టాడు. అడ్డంగా కంపెనీలు, నిలువుగా గుణాలు. తాతగారు తెలుగు పండితులుగా చేసి రిటైరైనవారు. పట్టిక చూశారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు, పాల లెక్కల పుస్తకం వెనక అట్ట మీద పద్యం రాశారు.

మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. మాకు అలాంటి ప్రతిజ్ఞలేమీ లేవు.

మూలము

కమ్మి చూడు, వలను గట్టిగా లాగుము,
చెట్టు చూడు మీఁద, చేటు చూడు,
ఒక్కఁ డెగురువేళ నొక్కఁడే యుండినఁ
బేరు చూడనేల బేరమందు?

ప్రతిపదార్థము

కమ్మి = స్ప్రింగును, దాన్ని పట్టి ఉంచే ఇనప చట్రాన్ని; చూడు = పరీక్షించు; వలను = చుట్టూ కట్టే రక్షణ వలను; గట్టిగా లాగుము = కొట్టువాడు వద్దంటున్నా లాగి చూడు; మీఁద = తలపైన; చెట్టు = కొబ్బరిచెట్టు (వాడపల్లిలో విశేషణం లేకుండా చెట్టు అంటే అదే); చూడు = తలెత్తి చూడు; చేటు = గాలి వల్ల, వాన వల్ల, చుట్టాల పిల్లల వల్ల కలగబోయేది; చూడు = ముందే ఊహించు; ఒక్కఁడు = ఒక పిల్లవాడు; ఎగురువేళన్ = ఎగిరే సమయాన; ఒక్కఁడే = అతడు మాత్రమే; ఉండినన్ = పరుపు మీద ఉన్నట్లయితే; బేరమందున్ = కొనేటప్పుడు; పేరు = కంపెనీ నామధేయం; చూడన్ = చూడడం; ఏల = ఎందుకు?

వ్యాఖ్య

కమ్మి చూడు. పద్యం పరుపుతో మొదలు కాలేదు, కమ్మితో మొదలైంది. ఇది సాభిప్రాయం. పాలిప్రొపిలీన్ నేత పరుపు తనంతట తాను పెద్దగా సాగదు. సాగి ముడుచుకునేవి దాని అంచున తగిలించిన స్ప్రింగులు. 14 అడుగుల దానికి అవి 80, 90, కొన్నిటికి 100 పైన ఉంటాయి. పట్టికలో మనవాళ్లు మొదట చూసేది అడుగులు, తర్వాత ధర. తాతగారు చూడమన్నది తుప్పు. ఉప్పుగాలి అంతర్వేది వైపు వాళ్ల కష్టం. వాడపల్లికి అంత అవసరం లేదు, గోదావరి తేమ, పెరట్లో ఆరని నేల చాలు. గొట్టానికి జింకు పూత పైన మాత్రమే ఉందా, లోపలా ఉందా అన్నది గొట్టం కొసలో వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. పైన తళతళలాడి లోపల నల్లగా ఉంటే, వానాకాలంలో నీరు చేరి లోపలినుంచి తినేస్తుంది. వారంటీ కాగితం కింది వరసల్లో తుప్పు తమ బాధ్యత కాదని రాసి ఉందేమో చదవాలి. వారంటీ చట్రానికి ఎక్కువ ఏళ్లు, పరుపుకు తక్కువ, వలకూ అంచు దిండ్లకూ ఇంకా తక్కువ. చాలా కంపెనీలకు ఈ వరస దాదాపు ఒకటే. ముందు పాడయ్యేదేదో అమ్మేవాడికి తెలుసన్నమాట.

శంక: కమ్మే లేనివి కూడా ఉన్నాయి కదా, వాటి గతేమిటి? సమాధానం: ఉన్నాయి. న్యూజిలండ్‌లో కాంటర్‌బరీ విశ్వవిద్యాలయపు ఇంజినీరు కీత్ అలెగ్జాండర్ స్ప్రింగులు తీసేసి, పరుపు కింద వంగే ఫైబర్‌గ్లాస్ కడ్డీలు పెట్టాడు. అదే స్ప్రింగ్‌ఫ్రీ. పిల్లవాడు అంచున పడ్డా కాలికి ఇనుము తగలదు. ఆస్ట్రేలియా వారి వూలీ బద్దల్లాంటి (లీఫ్) స్ప్రింగులు వాడింది. మాలో కొందరు ‘కమ్మి’ అన్న పదం వీటిని కూడా గ్రహిస్తుందని అంటారు, మేమూ ఒప్పుకుంటాం. ధర విన్నాక తాతగారు ఒప్పుకోలేదు.

నెదర్లండ్స్ వారి బెర్గ్ నేలకు సమంగా, గోతిలో దించే రకాలు కూడా చేస్తుంది. ఎత్తునుంచి పడే బెడద తగ్గుతుంది. మంచి ఆలోచనే. వాడపల్లిలో ఆ గొయ్యి తవ్వితే ఆషాఢానికి అందులో కొర్రమీను పెంచుకోవచ్చు. ఫిన్లండ్ వారి ఎకాన్, అమెరికాలో యూటా వారి స్కైవాకర్ కూడా పట్టికలో ఉన్నాయి. ఒక్కొక్క దానికీ ఎదురుగా మోయగల బరువు అని ఒక అంకె ఉంది. కొందరు ఎగిరే మనిషి బరువు రాస్తారు, కొందరు చట్రం తట్టుకునే బరువు రాస్తారు. రెండూ ఒకే వరసలో కూర్చుంటాయి. పెద్దకొడుకు ఆ అంకెల్లో పెద్దదానికి ఆకుపచ్చ రంగు పూశాడు. వేరువేరు అర్థాల అంకెలను ఒకే గళ్లలో వేయడం అలంకారశాస్త్రంలో శ్లేష, కొనుగోలులో మోసపోవడం.

వలను గట్టిగా లాగుము. వల కుట్టు పరుపు అంచుకే కలిసి ఉంటే మేలు. బయట చట్రానికి కట్టినదైతే పిల్లవాడు వలకూ పరుపుకూ మధ్య స్ప్రింగుల మీదికి దిగుతాడు. జిప్పు రెండు వైపులా తెరుచుకుంటుందో లేదో చూడాలి. ఇక్కడ అల్లుడుగారు ఒక సంశయం లేవదీశారు: వల చిరిగితే ఏమవుతుంది, గోదారి మీద బతికే ఊరు, వల అల్లేవాళ్లకు కొదవా? కొదవ లేదు. కానీ చేపల వల కన్ను పిల్లల వేళ్లకూ, మెడకూ పనికిరాదు. పులసను పట్టాల్సిన వలలో మనవణ్ణి పట్టకూడదు. విడిభాగం అదే కొలతది దొరకాలి, పరుపు అంచున కొక్కేల లెక్క స్ప్రింగుల లెక్కతో కలవాలి. అందువల్ల కంపెనీని అడగవలసిన అసలు ప్రశ్న ఒక్కటే: మూడేళ్ల తర్వాత పరుపూ వలా విడిగా ఇస్తావా, ఆత్రేయపురం దాకా పంపుతావా? దీనికి జవాబు రాయడానికి పట్టికలో గడి లేదు.

చెట్టు చూడు మీఁద. పద్యానికి ఇది గుండెకాయ. టేపు పట్టుకున్నవాళ్లందరూ నేల కొలుస్తారు. 10 అడుగుల ట్రాంపొలిన్‌కు చుట్టూ రెండేసి మీటర్లు వదిలితే 23, 24 అడుగుల చోటు కావాలి. కొబ్బరి తోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరం మామూలుగా 25 అడుగులు. అంటే కొలత సరిగ్గా సరిపోతుంది, కొనేవాడు ఉబ్బిపోతాడు. తలెత్తి చూడడు. కింద బోదెలు దూరంగా నిలబడి ఉన్నా పైన మట్టలు ఒకదాన్నొకటి తాకుతుంటాయి. ట్రాంపొలిన్‌కు పైన కావలసిన ఖాళీ 7 మీటర్లకు పైనే అని చెబుతారు. చెట్టు అంతకు రెండింతలు, మూడింతలు ఎత్తుంది కదా అని వాదించవచ్చు. ఎగిరేవాడు కాయను అందుకోడు, నిజమే. కాయే అతణ్ణి అందుకుంటుంది. ఎలక కొట్టిన కాయ, ఎండిన మట్ట, గెల తొడిమ ఊడిన కాయ, ఇవేవీ దింపు కోసం ఆగవు. చుట్టూ కట్టిన వల పక్కలకే, పైన ఏమీ ఉండదు. దింపుకు వచ్చిన మనిషిని తాతగారు అడిగితే అతను పైకి చూస్తూ అన్నమాట: ‘‘కాయ మనల్నడిగి పడుద్దాండీ?’’ ఈ వాక్యాన్ని మేము ఆప్తవాక్య ప్రమాణంగా స్వీకరిస్తున్నాం.

శంక: అయితే చెట్టులేని చోట, ఎండలో పెడితే? సమాధానం: పెట్టవచ్చు. పెడితే ఎండ పరుపునూ వలనూ పెళుసెక్కిస్తుంది. రోహిణి కార్తెలో, అంటే సరిగ్గా డాలస్ పిల్లలు దిగే రోజుల్లో, నల్లటి పరుపు మీద మధ్యాహ్నం కాలు మోపలేరు. నీడ ఉంటే కాయ, నీడ లేకపోతే కాక. కవి ఈ రెంటిలో కాయకే భయపడ్డాడు. పొద్దున్నే, పొద్దువాలాక ఎగరవచ్చు గనక.

చేటు చూడు. ఇది ముఖ్యంగా గాలి గురించి. ట్రాంపొలిన్ గాలికి లేస్తుంది, వల ఉంటే తెరచాపే. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిచెట్లను లక్షలకొద్దీ కూల్చింది. వేళ్లున్నవే నిలవలేదు, మేకులు కొట్టినది నిలుస్తుందా? మెత్తటి ఒండ్రు నేల తడిసిందంటే మేకు పట్టదు. అక్టోబరు నాటికి వల విప్పి, పరుపు తీసి అటకెక్కించాలి. మనవడు ఆగస్టులో విమానమెక్కుతాడు గనక ఆ పని తాతగారిదే.

ఒక్కఁ డెగురువేళ నొక్కఁడే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1977లో బడుల్లో ట్రాంపొలిన్‌లు వద్దంది. 1999లో ఇళ్లలోనూ వద్దంది. 2012లో అదే మాట మళ్లీ చెప్పింది. దెబ్బల్లో మూడొంతులు ఒకేసారి ఒకరికంటే ఎక్కువమంది ఎక్కినప్పుడే తగులుతున్నాయని లెక్క తేలింది. కారణం సులభం. బరువైనవాడు దిగేటప్పుడు పరుపు కుంగుతుంది, లేచేటప్పుడు ఆ బలమంతా పక్కనున్న చిన్నవాణ్ణి విసురుతుంది. దెబ్బ ఎక్కువగా చిన్నవాడికే. దీనికి ఏ కంపెనీ స్ప్రింగూ మందు కాదు.

శంక: ‘చేటు చూడు’, ‘ఒక్కఁడు’ల మధ్య సంధి చేయలేదు, ఇది విసంధి దోషం కాదా? సమాధానం: కాదు. ఒక పిల్లవాడికీ ఇంకో పిల్లవాడికీ మధ్య ఎడం ఉండాలని కవి పద్యంలోనే చూపించాడు.

ఇంకో శంక మనవరాలిది. ‘‘తాతా, నేను ఒక్కఁడు కాదు కదా, నేను ఒక్కతెని. అన్నయ్యతో కలిసి ఎక్కొచ్చు.’’ ఇది పూర్వపక్షాలన్నిటిలోకీ బలమైనది. తాతగారు కాసేపు మాట్లాడలేదు. చివరికి ‘ఒక్కఁడు’ ఇక్కడ ఉపలక్షణమని, పిల్లలందరికీ వర్తిస్తుందని నిర్ణయించారు. మనవరాలు ఒప్పుకోలేదు, వంతు మాత్రం తనదే మొదట అని రాయించుకుంది.

ఉదాహరణ: ట్రాంపొలిన్‌ను తయారుచేసినవాడు అమెరికాలో అయోవా రాష్ట్రపు జార్జ్ నిస్సెన్. సర్కసులో ఊయలమీది వాళ్లు కిందికి వలలో పడి ఎగరడం చూసి పుట్టిన ఊహ; గురువు లారీ గ్రిస్‌వోల్డ్‌తో కలిసి 1930ల్లో చేసి చూపాడు. 1960లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ప్రచారానికి ఒక కంగారూను అద్దెకు తెచ్చి దానితో కలిసి ఎగిరి ఫొటో దిగాడు. ఏకత్వ నియమం సృష్టికర్తే తప్పాడని ఎత్తిపొడవవద్దు. కంగారూ అమహద్వాచకం, దాన్ని ‘ఒక్కటి’ అంటాం గాని ‘ఒక్కఁడు’ అనం. లక్షణం దానికి పట్టదు. 2000 సిడ్నీలో ట్రాంపొలిన్ ఒలింపిక్ క్రీడ అయింది. అక్కడ పతకాల పోటీల్లో ఒక్కొక్కరే ఎగురుతారు. కవి మాట ప్రపంచం మన్నించింది.

బేరు చూడనేల. ఇక్కడే పాఠభేదం ఉంది. వాడపల్లి ప్రతిలో, అంటే పాల లెక్కల పుస్తకం అట్ట మీద, ‘చూడనేల’ అనే ఉంది. డాలస్ ప్రతిలో, అంటే పెద్దకొడుకు వాట్సాప్‌లో తిరిగి టైపు చేసినదానిలో, ‘చూడవలదె’ అని ఉంది. పేరు చూడవద్దా, తప్పక చూడాలి అని దానర్థం. ఛందస్సు రెండింటికీ సరిపోతుంది, యతి చెడదు. కొడుకు దిద్దిన చోటు చూస్తే తండ్రి దగ్గర పద్యాలు బాగానే నేర్చుకున్నాడని తెలుస్తుంది. కానీ అన్వయం చెడింది. ‘ఒక్కఁడే ఉంటే’ అన్న షరతు తర్వాత ‘పేరు చూడవద్దా’ అన్నది అతకదు. ఒక్కడే ఎగిరితే చేటు తగ్గుతుంది, చేటు తగ్గితే పేరు పట్టింపు తగ్గుతుంది. ఇదీ వరస. అరసున్నలు ఫోనులో పోయాయి, అది వేరే దుఃఖం. కోడలుగారు మధ్యేమార్గం చెప్పారు: కొనేముందు పేరు చూడనక్కర్లేదు, విరిగాక ఎవరికి ఫోను చేయాలో తెలియడానికి చూడాలి. మాకు ఇది అన్నిటికంటే నచ్చింది, కానీ మూలంలో చోటు లేదు.

తాత్పర్యము

చట్రం తుప్పు తట్టుకునేదై, వల పరుపు అంచుకు కలిసినదై, విడిభాగాలు దొరికేదై ఉంటే ఏ కంపెనీదైనా ఒకటే. ఆకుపచ్చ రంగు పూసిన అంకెలను నమ్మవద్దు. అంతకంటే ముందు, వాడపల్లిలోనూ, కొబ్బరి ఉన్న ప్రతి ఊళ్లోనూ, పైన మట్ట గాని గెల గాని లేని 24 అడుగుల చోటు పెరట్లో ఉన్నవాళ్లు, పిల్లల్ని వంతులకు నిలబెట్టి కాపలా కూర్చునే పెద్దమనిషి ఇంట్లో ఉన్నవాళ్లు కొనండి. ఆ రెంటిలో ఏది లేకపోయినా కొనకండి.