ఒక చేతికెమెరా ఆత్మకథ

న్యూయార్కు నగరమున ఒక వీడ్కోలు విందులో మిత్రుల శుభాకాంక్షలను చిత్రించుటకై హడ్ అను యువకుని చేతికి అందింపబడి, ఆ రాత్రియే ఒక రాక్షసమృగము ఆ నగరమును నేలమట్టము గావించుటకు సాక్షియైన కెమెరాను నేను. 2008 జనవరిలో విడుదలయిన 'క్లోవర్‌ఫీల్డ్' చిత్రమంతయు, దర్శకుడు మాట్ రీవ్స్ సంకల్పముచే, నా కంటిగుండనే ప్రేక్షకులకు గోచరించినది.

ఇట్టి చిత్రములకు పెద్దదిక్కయిన 'గాడ్జిల్లా'ను 1954లో దర్శకుడు ఇషిరో హోండా తీసినపుడు, రబ్బరు తొడుగు ధరించిన నటుడు బొమ్మనగరమును త్రొక్కుచుండగా, కెమెరాను సాధారణవేగమునకు మించి నడిపి, తెరపై ఆ నడకను మందగింపజేసి, ఆ కాయమునకు కొండంత బరువును కల్పించిరి. నిలుకడగల చట్రములోగాని అట్టి బరువు నిలువదు. దగ్ధమగుచున్న టోక్యోను చూచి దుఃఖించుటకు వలయు వ్యవధియు అందే లభించును. ఆ వైభవము నాకు లేదు.

అయినను నాకు వేరొక బలము కలదు. స్వాతంత్ర్యదేవత శిరస్సు వీధిలోనికి దొర్లివచ్చి పడగా, జనులు చుట్టుజేరి ఫోనులెత్తి ఫొటోలు తీసికొనుచుండిరేగాని, దానిని విసరినదేదియో ఎవ్వరికిని తెలియదు. హడ్ ఎరుగనిది నేనెరుగను, నేనెరుగనిది ప్రేక్షకుడును ఎరుగడు. భయమునకు బీజము అదియే. సబ్‌వే సొరంగములో ఎలుకలన్నియు ఒకే దిక్కునకు పరువెత్తుచుండగా, నా రాత్రిదృష్టిని మేల్కొలిపినంతనే వెనుకనుండి తరుముకొని వచ్చు చిన్న మృగములు కానవచ్చిన ఆ క్షణము, స్టాండుపై నిలిచిన కెమెరాకు సాధ్యమయ్యెడిది కాదని నా దృఢవిశ్వాసము.

నావలన హానియు కలదు. ఈ చిత్రము చూచిన తల తిరుగవచ్చునని అమెరికాలోని కొన్ని థియేటర్లవారు హెచ్చరికలు అంటించిరి. ఆ ప్రేక్షకుల బాధ న్యాయమైనది: పరుగెత్తువాని చేయి వణకుట సహజము, నిలుచుండి మాటాడువాని చేయి ఊరక వణకుట కపటము. సెంట్రల్ పార్కులో ఆ మృగము తన ముఖమును నాకు నిండుగా చూపినంతనే, అంతవరకు ఊహలో పెరిగిన భయము సగము తగ్గినది. కాని హడ్ మరణించి నేను నేలగూలినపుడు, ఏ చేయియు నన్ను కదల్పకున్నను, నా ఆటోఫోకస్ ఎదుటి గడ్డిపరకలకును ఆతని నిర్జీవముఖమునకును నడుమ ఎచ్చట నిలువవలెనో తెలియక తడుముకొనినది. చిత్రమంతటిలో అంతటి భీకరదృశ్యము మరియొకటి లేదు.

దర్శకులారా, కథలో నన్ను పట్టినవాడొకడుండి, వాని ప్రాణభీతియే మీకు ప్రధానమైనచో నన్ను చేపట్టుడు; మృగము యొక్క మహత్త్వమును చూపదలచితిరేని నన్ను విడిచి, హోండావలె కెమెరాను నిలిపి చూపుడు.